ఇన్సులినోమా: మూడు వాక్యాల పనితనం

క్లోమంలో పుట్టే ఒక చిన్న గడ్డ పేరు ఇన్సులినోమా. పదింట తొమ్మిది సార్లు అది రెండు సెంటీమీటర్లు దాటదు. ప్రపంచం మీద లెక్క కడితే ఏడాదికి పది లక్షల మందిలో ఒకరి నుంచి నలుగురికి కనబడుతుంది. 2011 జనగణన ప్రకారం ఇప్పటి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల జనాభా కలిపితే పదిహేను లక్షలు దాటుతుంది. అదే రేటు మన దగ్గరా ఉందనుకుంటే ఏటా ఇద్దరో ముగ్గురో, మహా అయితే ఆరుగురు. ఇంత అరుదైన దాని మీద ఇంత వ్యాసమా అనిపించవచ్చు. కానీ ఈ గడ్డను పట్టుకోవడానికి వైద్యులు నూరేళ్లుగా చెక్కుతూ వచ్చిన పద్ధతిని దగ్గర నుంచి చూస్తే మెచ్చుకోకుండా ఉండలేం. పైగా ఆ పద్ధతిలో అన్నిటికన్నా తెలివైన మెట్టుకు పెద్ద మిషన్లు అక్కర్లేదు. కోరుట్లలో చిన్న నర్సింగ్ హోంలోనైనా, సిరిసిల్లలో సాంచెల (మరమగ్గాల) చప్పుడు మధ్యనున్న ఇంట్లోనైనా ఆ మెట్టు ఎక్కవచ్చు.

ముందు పేరునే చూద్దాం. 1869లో బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ అనే వైద్య విద్యార్థి తన డాక్టరేటు వ్యాసం కోసం క్లోమాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. జీర్ణరసం తయారుచేసే కణాల నడుమ అక్కడక్కడ విడిగా కొన్ని కణాల గుంపులు కనిపించాయి. అవి ఏం చేస్తాయో తనకు తెలియదని దాచకుండా రాశాడు. తర్వాతివాళ్లు వాటిని ఆయన పేరుతోనే లాంగర్‌హాన్స్ ద్వీపాలన్నారు. ద్వీపానికి లాటిన్‌లో ఇన్సులా. ఆ ద్వీపాల్లోంచి ఒక రసం వస్తుందని ఊహించి, దాన్ని ఎవరూ వేరుచేసి చూపకముందే, 1909లో బెల్జియం శాస్త్రవేత్త డి మేయర్ దానికి ఇన్సులిన్ అని పేరు సూచించాడు. 1921-22లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్, మెక్లియడ్, కాలిప్ ఆ రసాన్ని నిజంగానే తీసి, మనిషికి ఎక్కించి చూపారు. ఆ మాటకు చివర గ్రీకు నుంచి వచ్చిన ఓమా చేరితే ఇన్సులినోమా అయింది: ఇన్సులిన్ వదిలే గడ్డ.

ఈ ఓమా అన్న ముక్కను చూసి రిపోర్టు చేతిలో పట్టుకున్నవాళ్లు హడలిపోతుంటారు. అంత కంగారు పడనక్కర్లేదు. లైపోమా అంటే కొవ్వు గడ్డ, ప్రమాదం లేనిది. లింఫోమా, మెలనోమా క్యాన్సర్లు. హెమటోమా అసలు గడ్డే కాదు, పేరుకున్న రక్తం. గ్లకోమా కంటి జబ్బు. ఓమా అన్న అక్షరాలు మంచీ చెప్పవు, చెడూ చెప్పవు. ఇన్సులినోమాల్లో నూటికి తొంభై దాకా క్యాన్సర్ కానివే, తొంభై దాకా ఒక్కటే గడ్డగా ఉండేవే. మన దగ్గర ‘పాంక్రియాస్ క్యాన్సర్’ అని మాట్లాడుకునేది క్లోమ నాళాల లోపలి పొరలో పుట్టేది. అది వేరే జాతి, చాలా కఠినమైనది. ఆపిల్ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన స్టీవ్ జాబ్స్‌కు 2003లో తేలిందీ ఆ మామూలు రకం కాదు, హార్మోన్లు చేసే కణాల్లో పుట్టే రకం. ఆయన 2011 దాకా బతికాడు.

హార్మోన్ల గడ్డల పేర్లన్నీ ఒకే పద్ధతిలో కట్టినవి. గ్యాస్ట్రిన్ వదిలితే గ్యాస్ట్రినోమా, గ్లూకగాన్ వదిలితే గ్లూకగానోమా, విప్ అనే హార్మోన్ వదిలితే విపోమా. గడ్డ ఎక్కడుందో, ఎంతుందో ఈ పేర్లు చెప్పవు. ఒంట్లో ఏం చేస్తోందో చెబుతాయి. గ్యాస్ట్రినోమా అనగానే డాక్టరుకు మానని కడుపు పుండ్లు గుర్తుకొస్తాయి, విపోమా అనగానే ఆగని నీళ్ల విరేచనాలు, ఇన్సులినోమా అనగానే పడిపోయే షుగర్. ఈ పేరు వాడకంలో ఒక కట్టుబాటు ఉంది, నాకది చాలా నచ్చింది. తీసిన గడ్డ ముక్కకు ల్యాబులో ప్రత్యేకమైన రంగు పట్టించి చూస్తే అందులో ఇన్సులిన్ ఉన్నట్టు తేలొచ్చు. అయినా మనిషికి షుగర్ పడిపోయే బాధ లేకపోతే ఆ గడ్డను ఇన్సులినోమా అనకూడదు. ఆ పేరు పెట్టాలంటే ముందు ఆ మనిషి పడ్డ బాధ రుజువు కావాలి.

అందుకే ఒకే రోగి ఫైలులో రెండు పేర్లు కనబడతాయి. డిశ్చార్జి కాగితంలో ఇన్సులినోమా అని ఉంటుంది. పాథాలజీ రిపోర్టులో పాంక్రియాటిక్ న్యూరోఎండోక్రైన్ ట్యూమర్, గ్రేడ్ 1 అని ఉంటుంది. గ్రేడ్ అన్నది కణాలు ఎంత వేగంగా విభజన చెందుతున్నాయో చెప్పేది. కేఐ-67 అనే సూచిక 3 శాతం లోపుంటే గ్రేడ్ 1. రెండు కాగితాలూ ఒకే గడ్డ గురించే చెబుతున్నాయి, ఒకటి దాని పనిని, ఇంకొకటి దాని నడతను. రెండు జబ్బులున్నాయని ఇంట్లోవాళ్లు కంగారు పడొద్దు.

ఇక అసలు పనితనం దగ్గరికి వద్దాం.

ఇన్సులిన్ సూదిమందు వాడకంలోకి రాగానే, మోతాదు ఎక్కువైతే మనిషి ఎలా అవుతాడో వైద్యులకు తెలిసింది: చెమటలు, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, తర్వాత తికమక మాటలు, ఫిట్స్, సోయి తప్పడం. 1924లో అమెరికాలోని అలబామా వైద్యుడు సీల్ హారిస్ ఒక మంచి ప్రశ్న వేశాడు. ఒక్క సూది కూడా వేయించుకోనివాళ్లలో అచ్చం ఇవే లక్షణాలు చూస్తున్నామే, వాళ్ల ఒళ్లే ఎక్కువ ఇన్సులిన్ చేసుకుంటోందా? మూడేళ్లకు మేయో క్లినిక్ నుంచి జవాబు వచ్చింది. షుగర్ పదేపదే పడిపోతున్న ఒక వైద్యుడికి అక్కడ కడుపు తెరిస్తే క్లోమంలో గడ్డ, కాలేయంలోకి పాకిన దాని పిల్లలు కనబడ్డాయి. ఆయన బతకలేదు. కాలేయంలోని గడ్డల నుంచి తీసిన సారాన్ని కుందేళ్లకు ఎక్కిస్తే వాటి షుగర్ పడిపోయింది. గడ్డే ఇన్సులిన్ చేస్తోందని చెప్పడానికి అంతకన్నా సూటి రుజువు ఉండదు. 1927లో రస్సెల్ వైల్డర్ బృందం దాన్ని ప్రచురించింది.

1929లో ఇన్సులిన్ పుట్టిన టొరంటోలోనే సర్జన్ రోస్కో గ్రాహం ఒక మహిళ క్లోమం నుంచి చిన్న గడ్డ తీసేశాడు. ఆమె షుగర్ పడిపోవడం ఆగిపోయింది. ఆపరేషన్‌తో నయమైన తొలి ఇన్సులినోమా అదే. ఈ గ్రాహం పేరు మన ప్రాంత సర్జన్లకు బాగా తెలుసు. కడుపు పుండు పగిలి రంధ్రం పడితే కడుపులోని కొవ్వు పొరను తెచ్చి దాని మీద కప్పి కుట్టే ‘గ్రాహం ప్యాచ్’ ఆయనదే. అల్సర్ పగిలి అర్ధరాత్రి ఆసుపత్రికి వచ్చినవాళ్లలో ఎంతోమందిని ఆ ప్యాచ్ కాపాడింది, ఇప్పటికీ కాపాడుతోంది.

ఒకరికి నయమైందనగానే కొత్త చిక్కు వచ్చింది. కళ్లు తిరిగే ప్రతివాళ్లకూ, నీరసమనే ప్రతివాళ్లకూ గడ్డ ఉందేమోనన్న అనుమానం పుట్టింది. క్లోమాన్ని తెరవడం ఆషామాషీ కాదు. కడుపు కోసి గడ్డ దొరక్కపోతే రోగికి మిగిలేది గాయమే. అల్ట్రాసౌండ్ లేదు, సీటీ లేదు, ఇన్సులిన్‌ను రక్తంలో కొలిచే పరీక్ష కూడా లేదు. ఆ రోజుల్లో న్యూయార్క్‌లోని ప్రెస్బిటేరియన్ ఆసుపత్రి సర్జన్ అలెన్ విపుల్ ఒక కాపలా గేటు కట్టాడు. అమెరికన్ మిషనరీ దంపతులకు ఇరాన్‌లోని ఉర్మియాలో 1881లో పుట్టిన మనిషి. ఆయనతో కలిసి పనిచేసిన పాథాలజిస్టు వర్జీనియా నీలండ్ ఫ్రాంజ్, ఆ ఆసుపత్రిలో సర్జరీ శిక్షణకు చేరిన తొలి మహిళ. 1935లో ఇద్దరి పేర్లతో వచ్చిన వ్యాసం ఈ గడ్డల చరిత్రలో మూలస్తంభం. ఆ గేటును ఇవాళ విపుల్ త్రయం అంటున్నారు. మూడే వాక్యాలు.

పరగడుపున ఉన్నప్పుడో, ఒళ్లు వంచి పనిచేసినప్పుడో షుగర్ పడిపోయిన లక్షణాలు రావాలి. ఆ లక్షణాలు ఉన్న క్షణంలోనే రక్తంలో షుగర్ నిజంగా తక్కువగా ఉండాలి. విపుల్ పెట్టుకున్న గీత డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములు, ఇప్పుడు చాలామంది 55 అంటున్నారు. గ్లూకోజ్ ఇవ్వగానే ఆ లక్షణాలు పోవాలి.

చూడ్డానికి ఇంతేనా అనిపిస్తుంది. ఒక్కో వాక్యాన్ని తీసేసి చూస్తే తెలుస్తుంది దాని బలం. రెండో వాక్యం లేదనుకోండి. కంగారు మనిషికి చెమటలు, దడ వస్తాయి, తీపి తింటే ఊరట కలుగుతుంది. వాళ్లందరి కడుపులూ కోయాల్సి వస్తుంది. మొదటి వాక్యం లేదనుకోండి. ఏ బాధా లేకుండానే కొందరికి, ముఖ్యంగా సన్నగా ఉండే ఆడవాళ్లకు, ఎక్కువసేపు పస్తులున్నప్పుడు షుగర్ 50ల్లోకి దిగుతుంది. వాళ్లది జబ్బు కాదు. ఇంకో చిక్కూ ఉంది, అది మన చిన్న ఊళ్లకు బాగా వర్తిస్తుంది. తీసిన రక్తాన్ని ట్యూబులో అలాగే వదిలేస్తే అందులోని కణాలు షుగర్‌ను తినేస్తూ ఉంటాయి, గంటకు 5 నుంచి 7 శాతం దాకా. ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత ట్యూబులో కాకుండా మామూలు ట్యూబులో పోసి, మధ్యాహ్నం దాకా పక్కన పెట్టి, అప్పుడు కరీంనగర్ బస్సులో పంపితే లేని ‘లో షుగర్’ పుట్టుకొస్తుంది. ఆ అంకె ఒక్కటే చూసిన డాక్టరు మోసపోతాడు. అప్పుడు ఆ మనిషి ఎలా ఉన్నాడని అడిగిన డాక్టరు మోసపోడు. ఇక మూడో వాక్యం. మెదడులో ఇంకేదో జబ్బున్న మనిషికి అనుకోకుండా షుగర్ కూడా తగ్గి ఉండొచ్చు. గ్లూకోజ్ ఎక్కించాక షుగర్ పెరిగినా మనిషి మారలేదంటే ఆ లక్షణాలకు కారణం షుగర్ కాదు. అంటే మొదటిది సందర్భాన్ని అడుగుతుంది, రెండోది అంకెను అడుగుతుంది, మూడోది ఆ రెండింటికీ ఉన్న సంబంధాన్ని పరీక్షకు పెడుతుంది. తొంభై ఏళ్లు గడిచినా ఇందులో ఒక్క మాట అదనంగా చేర్చాల్సిన పని పడలేదు. రోగ నిర్ణయంలో ఇంత పొదుపైన, ఇంత గట్టి రచన చాలా తక్కువ.

దీని వెనకున్న శరీర శాస్త్రాన్నీ కొంచెం చెప్పుకోవాలి. మన ఒంట్లో తిరిగే రక్తం మొత్తంలో ఏ క్షణాన చూసినా గ్లూకోజ్ నాలుగైదు గ్రాములే. మెదడు ఒక్కటే రోజుకు 120 గ్రాముల దాకా వాడుకుంటుంది. కాబట్టి తిన్నా తినకపోయినా ఆ నాలుగైదు గ్రాములు నిలబడి ఉండాలి. షుగర్ కొంచెం దిగగానే మంచి బీటా కణం ఇన్సులిన్ ఆపేస్తుంది. ఇంకా దిగితే గ్లూకగాన్, అడ్రినలిన్ లేచి కాలేయంలో దాచుకున్నదాన్ని బయటికి తెస్తాయి. ఇన్సులినోమా కణానికి ఆపడం తెలియదు. షుగర్ 40కి దిగినా ఇన్సులిన్ వదులుతూనే ఉంటుంది. అందుకే రాత్రి తిన్నది అరిగిపోయిన తెల్లవారుజాము, భోజనం ఆలస్యమైన మధ్యాహ్నం, కష్టం చేసిన సాయంత్రం ఈ రోగికి గండాలు.

మన ప్రాంతంలో ఆ గండాలు ఎలా దాగిపోతాయో గమనించండి. సిరిసిల్లలో నైట్ షిఫ్టు సాంచెల కార్మికుడు తెల్లారేసరికి తూలితే నిద్ర లేక అనుకుంటారు, లేదంటే తాగాడనుకుంటారు. కోరుట్ల, మెట్‌పల్లి వైపు బీడీల చాట ముందు ఏమీ తినకుండా కూర్చున్న ఆడమనిషికి చేతులు వణికితే నీరసమంటారు. ఒక్కపొద్దు ఉన్న రోజు, రంజాన్ రోజాలో అసర్ వేళ, ఎవరైనా సోలిపోతే ఉపవాసం మీదికే పోతుంది అనుమానం. ఎడారి నుంచో దుబాయి నుంచో వచ్చిన మనిషి పొద్దున వింతగా ప్రవర్తిస్తే అక్కడి కష్టాలు మనసుకు పట్టాయంటారు. ఫిట్స్ వస్తే మూర్ఛ మాత్రలు మొదలవుతాయి. షుగర్ పడిపోవడం వల్ల వచ్చే ఫిట్స్‌ను ఆ మాత్రలు ఆపలేవు, డాక్టరు మోతాదు పెంచుతూ పోతాడు. పరాయి గొంతుతో తిట్టి, వస్తువులు విసిరి, గంట తర్వాత ఏమీ గుర్తు లేదంటే గాలి సోకిందంటారు. ఆ గుర్తులేకపోవడం నిజమే. మెదడుకు గ్లూకోజ్ అందని ఆ కాసేపు జ్ఞాపకం నమోదు కాదు. రోగి చెప్పలేడు కాబట్టి పక్కనున్నవాళ్లు చూసినదే ఇక్కడ సాక్ష్యం.

జగిత్యాలకు దగ్గరలోని కొండగట్టు అంజన్న దగ్గరికి మనసు చెదిరినవాళ్లను తెచ్చి, గుడి దగ్గరే రోజుల తరబడి ఉంచుకునే ఆనవాయితీ ఈ జిల్లాల్లో అందరికీ తెలిసిందే. ఆ నమ్మకం మీద నాకు ఏ తగాదా లేదు. తోడుండి కాపాడుకునే మనుషులు దొరకడం ఎవరికైనా మేలే. దేవుడి దగ్గరికి తీసుకుపోయేవాళ్లను వేడుకునేది ఒక్కటే. మనిషి అదుపు తప్పిన ఆ నిమిషాన వేలి నుంచి ఒక్క చుక్క రక్తం తీసి గ్లూకోమీటర్‌లో చూడండి. దర్శనం ఆగదు, మొక్కు చెడదు.

ఇంట్లోవాళ్లు తెలియకుండానే విపుల్ మూడో వాక్యాన్ని నిరూపిస్తుంటారు. ‘‘పొద్దుగాల లేపితే లేస్తలేదు, లేచినా ఏందేందో మాట్లాడుతది, ఇన్ని బెల్లం నీళ్లు తాపితే మల్ల మంచిగైతది’’ అని ఒక తల్లి చెప్పిందనుకోండి. అందులో మొదటి వాక్యం ఉంది, మూడో వాక్యం ఉంది. లేనిది మధ్యలోని అంకె. వినే డాక్టరుకు చెవి ఉంటే ఆ ఒక్క అంకె కోసం వెతుకుతాడు. తింటే బాధ తగ్గుతుందని ఒంటికి తెలిసిపోయి ఈ రోగులు మాటిమాటికీ తింటారు, బరువు పెరుగుతారు. సన్నబడితేనే జబ్బు అనుకునే మన అలవాటుకు ఇది కూడా అడ్డం తిరుగుతుంది.

త్రయం కుదిరిందంటే తర్వాతి మెట్టు ఆసుపత్రిలో 72 గంటల ఉపవాసం. ఇంట్లో చేయకూడనిది, నర్సు కళ్లెదుట మాత్రమే చేయాల్సింది. నీళ్లు, చక్కెర లేని పానీయాలు తప్ప ఏమీ ఇవ్వరు. మనిషిని కాస్త నడిపిస్తారు కూడా. ఆరు గంటలకోసారి రక్తం తీస్తారు, షుగర్ 60కి దిగాక గంట రెండు గంటలకోసారి. ఇన్సులినోమా ఉన్నవాళ్లలో మూడింట రెండొంతుల మందికి మొదటి 24 గంటల్లోనే, నూటికి తొంభై మందికి పైగా 48 గంటల్లోపే షుగర్ పడిపోతుంది. ఆ క్షణంలో తీసిన రక్తం బంగారం. అందులో ఇన్సులిన్, సి-పెప్టైడ్, ప్రోఇన్సులిన్, కీటోన్ అన్నీ ఒక్కసారే చూస్తారు. గ్లూకోజ్ 55 లోపు ఉన్నప్పుడు ఇన్సులిన్ 3 మైక్రోయూనిట్లు, అంతకు మించి ఉండటమే తప్పు. ఆ వేళకు అది దాదాపు లేకుండా పోవాలి. అంటే ఇక్కడ ఇన్సులిన్ ‘ఎక్కువ’ ఉందా అని చూడరు, ఆగాల్సిన చోట ఆగిందా అని చూస్తారు. చాలా ల్యాబు రిపోర్టుల్లో ఈ ఇన్సులిన్ అంకె పక్కన ‘నార్మల్’ అని అచ్చవుతుంది. 40 షుగర్ పక్కన నార్మల్ ఇన్సులిన్ నార్మల్ కాదు.

సి-పెప్టైడ్ తెలివి వేరు. ఒంట్లో ఇన్సులిన్ తయారయ్యేటప్పుడు ముందు ప్రోఇన్సులిన్ అనే పొడుగు గొలుసు పుడుతుందని 1967లో షికాగోలో డొనాల్డ్ స్టైనర్ కనిపెట్టాడు. దాన్ని కత్తిరిస్తే ఒక ఇన్సులిన్, ఒక సి-పెప్టైడ్ సమానంగా వస్తాయి. సీసాలో అమ్మే ఇన్సులిన్‌లో సి-పెప్టైడ్ ఉండదు. కాబట్టి ఇన్సులిన్ ఎక్కువుండి సి-పెప్టైడ్ లేకపోతే అది సూదితో బయటి నుంచి వచ్చింది. రెండూ ఉంటే లోపలి నుంచే వచ్చింది. అప్పటికీ ఒక దొంగదారి మిగులుతుంది. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి షుగర్ మాత్రలు క్లోమాన్ని పొడిచి సొంత ఇన్సులిన్‌నే వదిలిస్తాయి. అత్తగారి షుగర్ మాత్ర బీపీ మాత్రనుకుని కోడలు మింగితే రక్తం అచ్చం ఇన్సులినోమాలాగే కనబడుతుంది. అందుకని ఆ మందులు ఉన్నాయేమో రక్తంలోనో మూత్రంలోనో వెతికిన తర్వాతే తీర్పు చెబుతారు. ఒక్కో తలుపు మూస్తూ పోయి చివరికి ఒక్క తలుపే తెరిచి ఉంచడం, నా లెక్కన ఈ పరీక్షలో అన్నిటికన్నా అందమైన పని ఇదే.

గడ్డ ఉందని తేలాకే ఎక్కడుందని వెతకాలి. ఈ వరస తారుమారు కాకూడదు. ముందే స్కానింగ్ తీస్తే బాధతో సంబంధం లేని ఏ గడ్డో కనబడి దారి తప్పిస్తుంది, లేదంటే చిన్న గడ్డ కనబడక ‘ఏమీ లేదు’ అని ఇంటికి పంపిస్తుంది. సీటీ, ఎంఆర్ఐ చాలా గడ్డలను చూపుతాయి. చూపలేనివాటిని ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ చూపుతుంది: గొట్టాన్ని నోటి గుండా కడుపులోకి దింపి, దాని కొసనున్న ధ్వని పరికరంతో వెనకాలే పడుకుని ఉన్న క్లోమాన్ని అతి దగ్గరగా చూడటం. హైదరాబాద్‌లో డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి నడిపే ఏఐజీ ఆసుపత్రి ఈ విద్యలో దేశంలోని ముందువరస కేంద్రాల్లో ఒకటి; నిమ్స్‌లోనూ, ఉస్మానియాలోనూ క్లోమం సర్జరీ చేసే విభాగాలున్నాయి. ఇంకా దొరక్కపోతే క్లోమానికి వెళ్లే ఒక్కో ధమనిలోకి విడివిడిగా కొంచెం కాల్షియం ఎక్కించి, కాలేయ సిర నుంచి రక్తం తీసి ఏ ధమని వంతులో ఇన్సులిన్ ఎగిసిందో చూస్తారు. గడ్డ కంటికి కనబడకపోయినా తన వీధి పేరు చెప్పేస్తుంది.

ఆపరేషన్ బల్ల మీద సర్జన్ చిన్నపేగు మొదటి భాగమైన డుయోడినం పక్కనున్న అతుకులు విడదీసి, క్లోమం తలను వేళ్ల మధ్యకు తెచ్చుకుని, తల నుంచి తోక దాకా నిమురుతూ పోతాడు. వందల పోగుల నడుమ తెగిన పోగును సిరిసిల్ల నేతన్న వేలికొసతో పట్టినట్టే, మెత్తటి క్లోమంలో కాస్త గట్టిగా తగిలే చోటును ఆ వేళ్లు పట్టాలి. అప్పుడు అల్ట్రాసౌండ్ ప్రోబును నేరుగా క్లోమం మీదే పెట్టి, గడ్డకూ ప్రధాన నాళానికీ మధ్య ఎన్ని మిల్లీమీటర్లున్నాయో కొలుస్తారు. రెండు మూడు మిల్లీమీటర్ల ఎడముంటే గడ్డను మాత్రమే దాని పొర వెంట ఒలిచి తీస్తారు. నాళం గాయపడితే జీర్ణరసం కారి రోజుల తరబడి ఆసుపత్రిలో ఉండాలి, అందుకే ఆ కొలతకు అంత విలువ. నాళానికి అతుక్కుని ఉంటే క్లోమంలో ఆ భాగాన్నే తీయాలి. ‘విపుల్ ఆపరేషన్’ అని మనవాళ్లు భయంగా చెప్పుకునే పెద్ద సర్జరీ కూడా ఈ విపుల్‌దే, కానీ ఇన్సులినోమాకు దాని అవసరం కొద్దిమందికే పడుతుంది. గడ్డ బయటికి వచ్చాక షుగర్ తనంతట తాను పైకి లేవడం మొదలవుతుంది. క్యాన్సర్ కాని ఒంటరి గడ్డ ఉన్నవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా దీంతో పూర్తిగా నయమవుతుంది. ఆపరేషన్ కుదరనివాళ్లకు ఇన్సులిన్ విడుదలను అణిచే డయజాక్సైడ్ మాత్రలున్నాయి. పది మందిలో ఒకరికంటే తక్కువే గానీ కొందరిలో ఇది మెన్-1 అనే వంశపారంపర్య జబ్బులో భాగం. అలాంటి ఇంట్లో మిగతావాళ్లనూ చూడాలి.

కోరుట్లలోని పశువైద్య కళాశాల విద్యార్థులకూ ఈ పేరు పాఠంలో వస్తుంది. కుక్కలకూ ఇన్సులినోమా వస్తుంది. నడుస్తూ నడుస్తూ వెనక కాళ్లు కూలబడటం, వణుకు, ఫిట్స్ లక్షణాలు. వాటిలోనూ విపుల్ త్రయమే దారి చూపుతుంది. తేడా ఒక్కటి, కుక్కల్లో ఈ గడ్డలు చాలా వరకు క్యాన్సరే. అదే పేరు, అదే పరీక్ష, ఫలితం మాత్రం తలకిందులు.

జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. విపుల్ మూడు వాక్యాలను పరీక్ష కోసం బట్టీపట్టే పిల్లలు ఇప్పుడు ఈ ఊళ్లలోనే తిరుగుతున్నారు. వాళ్లకు నా విన్నపం: మూర్ఛ అని, హిస్టీరియా అని, గాలి అని రాసిన పాత చీటీతో ఎవరొచ్చినా, ఆ బాధ పొద్దున పరగడుపునే వస్తుందా, తింటే పోతుందా అని అడగండి.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. షుగర్ జబ్బు లేని మనిషి ఖాళీ కడుపున మళ్లీ మళ్లీ తికమక పడుతుంటే, ఇంట్లోనో పక్కింట్లోనో ఉన్న గ్లూకోమీటర్‌తో ఆ క్షణమే చూసి, అంకెను, తేదీని, టైమును కాగితం మీద రాయండి. మిషన్ అందుబాటులో లేకపోతే దాని కోసం ఆగొద్దు. మింగగలిగే సోయి ఉంటే గ్లూకోజ్ నీళ్లో బెల్లం నీళ్లో వెంటనే తాపండి. సోయి లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఇంటి మిషన్ తక్కువ అంకెల దగ్గర 15 దాకా అటూ ఇటూ చూపగలదు, కాబట్టి డాక్టరు మళ్లీ ల్యాబులో చూస్తారు. అయినా ఆ కాగితం పారేయొద్దు. హైదరాబాద్ దాకా వెళ్లాల్సి వస్తే ఫైలులో అన్నిటికన్నా పైన పెట్టండి.